పారిస్ నుంచి లియోన్ దాకా, తెలుగు మీదుగా ఫ్రెంచి

పారిస్‌లో ఏ దుకాణం గడప తొక్కినా ముందు "బోన్‌జూర్" అనాలి, సాయంత్రమైతే "బోన్‌స్వార్". అది మింగేసి నేరుగా సరుకు అడిగితే ఇస్తారు గానీ ముభావంగా ఇస్తారు. బేకరీలో నేను అడిగేది "యూన్ త్రదిస్యోఁ, సిల్ వూ ప్లే". బగెత్ అనే పొడుగాటి రొట్టెలోనే ఇదో రకం. 1993 నాటి ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం దీని పిండిని ఫ్రీజ్ చెయ్యకూడదు. బాగా కాలినది కావాలంటే చివర "బ్యాఁ క్వీత్" చేర్చాలి, మెత్తనిదైతే "ప త్రో క్వీత్".

బగెత్ స్త్రీలింగం కాబట్టి "ఒకటి" అనడానికి "యూన్". క్రువాసాఁ పుంలింగం, దానికి "అఁ". "-స్యోఁ", "-ఎత్" అని ముగిసే పదాలు దాదాపు అన్నీ స్త్రీలింగాలే. లింగం తప్పినా రొట్టె చేతికి వస్తుంది, దీనికి భయపడి నోరు మూసుకోనక్కర్లేదు.

అసలు చిక్కు ఇంగ్లిష్ వాక్యాన్ని మనసులో పెట్టుకుని ఫ్రెంచిలోకి మార్చడంలో ఉంది. ఉక్కగా ఉందని ఇంగ్లిష్ పద్ధతిలో "జ స్వీ షో" అంటే అర్థం ఎటో పోతుంది, కొన్నిచోట్ల అసభ్యంగానూ వినిపిస్తుంది. "జే షో" అనాలి. ఆకలికీ అంతే, "జే ఫాఁ". తెలుగులోంచి వెళ్తే కొన్ని దారులు దగ్గరవుతాయి. "ఇల్ మ ఫో ద బియే" అంటే అచ్చంగా "నాకు రెండు టికెట్లు కావాలి". "స మ ప్లే" అంటే "నాకు నచ్చింది". రెండిట్లోనూ "మ" మన "నాకు" చేసే పనే చేస్తుంది. "తూ", "వూ" తేడా కూడా నువ్వు, మీరు తెలిసినవాళ్లకి కొత్త కాదు. పరిచయం లేని పెద్దలందరికీ "వూ" వాడితే సరిపోతుంది.

చెవి మాత్రం ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. పుస్తకంలో "జ న సే ప" (నాకు తెలియదు) అని నేర్చుకున్నది వీధిలో "షే ప" అయిపోతుంది, ఆ "న" ఎక్కడా వినపడదు. ధరలు మరీ ఘోరం. రెండు యూరోలు "ద జురో", పన్నెండు యూరోలు "దూ జురో". తేడా అంతా మొదటి అచ్చులోనే. పన్నెండుకి మన మామూలు ఊకారం, రెండుకి పెదాలు ఊ అన్నట్టు గుండ్రంగా పెట్టి లోపల ఏ పలకాలి. బజారులో బిల్లు మెషీన్ మీది అంకె చూసుకోవడం మేలు. 74ని "అరవై-పద్నాలుగు" అంటారు. ఫోన్ నంబర్లు రెండేసి అంకెలుగా చెబుతారు కాబట్టి "స్వసాఁత్" (అరవై) వినగానే 6 రాసేస్తే చిక్కే. జత పూర్తయ్యేదాకా కలం ఆపాలి. (బెల్జియం, స్విట్జర్లాండ్‌లలో 70కి "సెప్తాఁత్" అనే వేరే మాట ఉంది. తెలివైనవాళ్లు.)

లియోన్ వెళ్లే టీజీవీ అనే వేగపు రైలు పారిస్‌లోనే "గార్ ద లియోన్" స్టేషన్లో ఎక్కాలి, ప్రయాణం సుమారు రెండు గంటలు. అక్కడ ఒకటో హాల్‌లో ప్లాట్‌ఫారాలకు అక్షరాలు, రెండో హాల్‌లో అంకెలు. మైకులో "వ్వా జే" అని వినిపిస్తే "వ్వా" ప్లాట్‌ఫారం, "జే" ఇంగ్లిష్ "జి". "జీ" అంటే ఇంగ్లిష్ "జె". "ఈ" అంటే "ఐ". బోర్డు చూడకుండా పరుగెత్తకూడదు.

లియోన్‌లో భోజనానికి "బూషోఁ" అనే పాతకాలపు హోటళ్లకు పేరు. మెనూలో "ఆఁత్రే" అంటే మొదట వచ్చే వంటకం. అమెరికా ఇంగ్లిష్‌లో అదే మాట ప్రధాన వంటకానికి వాడతారు, జాగ్రత్త. నీళ్లకి "యూన్ కరాఫ్ దో" అంటే కుళాయి నీళ్లు ఉచితంగా తెస్తారు, ఉత్తినే "ఓ" అంటే సీసా తెచ్చి బిల్లులో వేసే అవకాశముంది. శాకాహారులు "ప ద వ్యాఁద్" (మాంసం వద్దు) అని ఊరుకుంటే చేప రావచ్చు, అందుకే "ని వ్యాఁద్ ని ప్వాసోఁ" (మాంసమూ వద్దు, చేపా వద్దు) అని రెండూ చెప్పాలి. లియోన్ సలాడ్‌లో పంది మాంసం ముక్కలుంటాయి, "సాఁ లార్దోఁ" అంటే అవి తీసేసి ఇమ్మని. పైన గుడ్డు ఎలాగూ ఉంటుంది. "సెర్వెల్ ద కానూ" పేరులో మెదడు ఉన్నా గిన్నెలో ఉండేది తాజా చీజ్, సువాసన ఆకులు, కాస్త వెల్లుల్లి.