ఖాళీ గళ్ల ఆగస్టు

శుక్రవారం. పొద్దున్నుంచీ ముసురు. తార్నాకలో బస్సు దిగేసరికి చెప్పులు బరువెక్కాయి. రోజంతా చేసింది మాత్రం ఎప్పుడో కురిసిన వానల లెక్క.

నగరం చుట్టుపక్కల వర్షమాపక కేంద్రాల రోజువారీ కొలతలు. ఉదయం 8:30కి తీసే 24 గంటల వాన, మిల్లీమీటర్లలో. మధ్యలో బోలెడు ఖాళీలు, వాటిని నింపడమే నా పని. కొన్ని గళ్లలో -99.9 అని ఉంది, కొలత లేదని గుర్తు. ముందు వాటిని ఆర్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో ఖాళీలుగా మార్చాను. లేకపోతే కూడికలో ఆ నెల వాన సున్నా కిందకి దిగిపోతుంది.

కొత్తగా చేరిన అబ్బాయి, "సున్నాలు పెట్టేద్దాం అక్కా, ఎక్కువ రోజులు వాన ఉండదుగా" అన్నాడు. ఫిబ్రవరికైతే దాదాపు సరిపోతుంది. ఆగస్టుకెలా? పోనీ నెల సగటు పెడదామంటే అదింకా అన్యాయం. వారమంతా ఎండగొట్టి ఒక్క సాయంత్రం కుమ్మేసే ఊరు ఇది. సగటుతో నింపితే ఖాళీ ఉన్న రోజల్లా ఆరేడు మిల్లీమీటర్ల జల్లు పడినట్టవుతుంది. 2.5 దాటితే వాన రోజే కాబట్టి నెలంతా వాన రోజులే, గట్టి వాన ఒక్కటీ ఉండదు.

పక్క కేంద్రాల కొలతలను ఏడాది సగటుల నిష్పత్తితో సరిచేసి వాడే నార్మల్ రేషియో పద్ధతి ఉంది. ఇవాళ్టిలాంటి ముసురుకి బాగానే పనిచేస్తుంది. మే నెల గాలివానకి మాత్రం చేతులెత్తేస్తుంది: కూకట్‌పల్లిలో రోడ్లు మునిగిన సాయంత్రమే ఎల్బీనగర్‌లో దుమ్ము లేస్తుంటుంది.

చివరికి ఆర్‌లోనే ఖాళీలు నింపే మైస్ ప్యాకేజీ. ఇది ఒక్కో ఖాళీకి మామూలుగా ఐదు జవాబులిస్తుంది. పోలికలున్న వేరే రోజుల అసలు కొలతల్లోంచే అంకె తెచ్చి పెడుతుంది కాబట్టి మైనస్ వానలు రావు. ఐదూ దగ్గరదగ్గరగా ఉంటే ధైర్యం, చెల్లాచెదురైతే ఆ రోజు సంగతి మనకి తెలియదన్నట్టే. "ఇంతకీ ఎంత పడిందమ్మా?" అని మేడమ్ అడుగుతూనే ఉన్నారు. నాకైతే ఐదు చూపించడమే నిజాయితీ అనిపిస్తుంది.

మధ్యాహ్నం ఓ పరీక్ష పెట్టాను. 2000 ఆగస్టు 24న బేగంపేటలో నమోదైన 241.5 మి.మీ.ని కాపీలో చెరిపేసి నింపమన్నాను. ఐదు జవాబుల్లో ఒక్కటీ దాని దరిదాపుల్లోకి రాలేదు. ఎలా వస్తుంది? ఆ కేంద్రం మళ్లీ అంత వాన చూసి ఉంటేగా! పైగా కరెంటు పోయేదీ, గరాటులో చెత్త అడ్డుపడేదీ, కొలిచే మనిషి చేరుకోలేనిదీ ఎక్కువగా కుండపోత రోజుల్లోనే. అంటే మనకి బాగా కావాల్సిన రోజులే ఖాళీగా మిగిలే ప్రమాదం ఉంది.

అందుకే నింపిన గళ్లకు పక్కనే గుర్తుతో ఒక కాలమ్ పెట్టాం. నెల మొత్తాలకు వాడుకోవచ్చు. వాన నీటి కాలువ ఎంత వెడల్పు తవ్వాలో తేల్చడానికి వద్దు. "ఆ కాలమ్ ఎవరూ చూడరక్కా, ఫైలు పేరులోనే రాసేద్దాం" అన్నాడు అబ్బాయి. రాసేశాం. పేరు స్క్రీన్ దాటిపోయింది.