నాయన చావుకి కారణం ఎవరు రాయాల? (నా అనుభవం)

మా నాయన పోయిన కార్తీక మాసంలో ఇంట్లోనే పోయినాడు, తెల్లారుజామున 4 గంటలప్పుడు. మాది పాకాల దగ్గర పల్లె. 18 ఏళ్లుగా షుగరు, బీపీ, చివరి మూడేళ్లు కిడ్నీలు కూడా. తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చూపిస్తా ఉన్నాము, డయాలసిస్ అనేసరికి వద్దురా నన్ను ఇంటికి తీసుకుపో అన్నాడు, తీసుకొచ్చినాము, పది రోజులు ఉన్నాడు.

ఆ రాత్రి మొదట పరిగెత్తుకొచ్చింది మా ఊరి ఆర్ఎంపీ అన్న. చెయ్యి పట్టుకుని చూసి, టార్చి వేసి కళ్లు చూసి, నాయన రెప్పలు ఆయనే మూసినాడు. మా ఇంట్లో ఎవరికి జరమొచ్చినా ఇరవై ఏళ్లుగా ఆయనే దిక్కు, అందుకని కర్మక్రియలు అయినాక చావుకి కారణం రాసే సర్టిఫికెట్ కోసం ఆయన్నే అడిగినా. లెటర్ ప్యాడు మీద గుండెపోటు అని రాసి స్టాంపేసి ఇచ్చినాడు, రూపాయి తీసుకోలా.

అది పట్టుకుని సచివాలయానికి పోతే పంచాయతీ సెక్రటరీ, చిన్న వయసు అమ్మాయి, కాగితం చూసి నిదానంగా చెప్పింది, అన్నా ఇది పనికిరాదు, ఆయన మెడికల్ కౌన్సిల్లో రిజిస్టరు అయిన డాక్టరు కాదు కదా అని. మరణం రాసే ఫారం 2 తీసి ఒక్కొక్కటే అడిగింది. చివర్లో వైద్యం ఏమైనా జరిగిందా, ఆసుపత్రిలోనా ఇంట్లోనా, కారణం డాక్టరు ధ్రువీకరించినాడా, బీడీ, పొగాకు, వక్క, మందు అలవాట్లు ఉన్నాయా, ఉంటే ఎన్నేళ్లు. నాయన ఆకు వక్క నములుతా ఉన్న సంగతి ప్రభుత్వం ఫారంలో రాయాల్సి వస్తుందని నేను అనుకోలేదు, గొంతు పట్టేసింది. చివరి జబ్బులో చూసిన డాక్టరు ఉంటే ఆయన చావుకి కారణం ఫారం 4ఎ మీద రాసివ్వాల అన్నా, అదే ఆసుపత్రిలో పోయుంటే ఫారం 4 వాళ్లే నేరుగా పంపుతారు, రెండిటికీ డబ్బులు తీసుకోకూడదు, 21 రోజుల్లోపల నమోదు చేయించుకుంటే లేటు ఫీజు కూడా ఉండదు అని చెప్పింది. అప్పటికే 14 రోజులు అయిపోయినాయి.

దగ్గర్లో ఉండే పీహెచ్‌సీకి పోయినా. ఆడ డాక్టరు ఎంబీబీఎస్సే, కుర్చీ వేసి కూర్చోబెట్టి అంతా విన్నాడు కానీ రాయలేదు. మీ నాయనని నేను ఒక్కసారి కూడా చూళ్లేదు, ఏ జబ్బుతో పోయినాడో నేను ఏమని రాసేది అన్నాడు. అప్పుడు కోపమొచ్చింది గానీ తర్వాత ఆలోచిస్తే ఆయన చేసిందే రైటు. పాము కరిచినా, పురుగుల మందు తాగినా, యాక్సిడెంట్ అయినా అసలు ఏ డాక్టరూ ఈ ఫారం రాసి పంపించేయకూడదంట, పోలీసులకి చెప్పాల, పంచనామా, పోస్టుమార్టం అయినాకే. మా బావ కూతురు పళ్ల డాక్టరు, నేను సంతకం పెట్టేదా మామా అనింది ఫోన్లో, వద్దమ్మా అన్నా. డిగ్రీ ఒక్కటే కాదు, చివరి జబ్బులో వైద్యం చేసిన రిజిస్టర్డ్ డాక్టరు అయ్యుండాల, ఈ ముక్క ముందే తెలిసుంటే నాలుగు రోజులు తిరుగుడు తప్పేది.

తిరుపతి ఆసుపత్రిలో కౌంటరు దగ్గర వెయ్యి రూపాయలు కట్టమన్నారు. 1969 జనన మరణాల చట్టంలో ఫ్రీ అని ఉంది, 2023లో సవరించినప్పుడు కూడా అదే ఉంచినారు అని చెప్పినా, అయినా కట్టాల్సిందే అన్నారు, ఓపీ అయిపోయేదాకా గుమ్మం దగ్గరే నిలబడి డాక్టరుగారు బయటికి రాగానే చెప్పినా. ఆయనకి ఈ సంగతే తెలీదు, లోపలికి పిలిచి డబ్బులు వద్దన్నాడు.

నాయన ఫైలు చూసి జూనియర్ డాక్టరమ్మ మొదటి లైన్లో కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్ అని రాసింది. పెద్దాయన ఆ ఫారం పక్కన పెట్టేసి ఇంకోటి తీసినాడు. గుండె ఆగడం, ఊపిరి ఆగడం అంటే చావేనమ్మా, అది చావుకి కారణం ఎట్లయితాది అని ఆమెకి చెప్తానే తన చేత్తో రాసినాడు. ఎ దగ్గర యురేమియా, అంటే కిడ్నీలు పనిచేయక రక్తంలో విషం పేరుకుపోవడం, పది రోజులు. బి దగ్గర క్రానిక్ కిడ్నీ డిసీజ్, మూడేళ్లు. సి దగ్గర టైప్ 2 డయాబెటిస్, 18 ఏళ్లు. కింద రెండో భాగంలో బీపీ. పైనుంచి కిందికి పోయేకొద్దీ జబ్బు యాడ మొదలైందో ఆడికి పోవాలంట. సంతకం, కింద రిజిస్ట్రేషన్ నంబరు. సచివాలయంలో ఇచ్చే ముందు జిరాక్స్ తీసి పెట్టుకున్నా, 19వ రోజు నమోదు అయింది.

చేతికి వచ్చిన డెత్ సర్టిఫికెట్లో మాత్రం కారణం ఉండదు, చట్టమే వేయకూడదంటాది, సెక్షన్ 17. పింఛనుకీ బ్యాంకుకీ అది చాలు.

జిరాక్స్ మాత్రం మా అమ్మకి చదివి వినిపించినా. గుండెపోటు అనే మాట విన్నప్పటినుంచి ఆమెకి నిద్ర లేదు, ఆ రాత్రి ఆయన రెండుసార్లు మూలిగినాడు, నేను అప్పుడే మిమ్మల్ని లేపుంటే బతికేవాడేమో అని అదే మాట. 18 ఏళ్లు, మూడేళ్లు, పది రోజులు అని నేను చదవతా ఉంటే వేళ్లు మడిచి లెక్క పెట్టుకునింది. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, మీ జేజికి కూడా షుగరేరా, నువ్వు రేపే పోయి రక్తం పరీక్ష చేయించుకో అనింది.