పదకొండుమంది కొనేవాళ్లు, పదకొండుమంది అమ్మేవాళ్లు

ఈరోజు సెకండియర్ ఎకనామిక్స్ వాళ్లకి పాఠం చెప్పలేదు, క్లాసులోనే సంత పెట్టించాను. 1956 జనవరిలో వెర్నన్ స్మిత్ అనే కుర్ర లెక్చరర్ అమెరికాలోని పర్‌డ్యూ యూనివర్సిటీలో తన విద్యార్థుల చేత ఆడించిన సంత ఇది. 1962లో అచ్చయిన ఆయన వ్యాసంలోని అంకెలే తీసుకుని డాలర్లని రూపాయల్లోకి మార్చాను.

చీటీలు రాత్రే రాసిపెట్టుకున్నాను. కొనేవాళ్లు పదకొండుమంది, అమ్మేవాళ్లు పదకొండుమంది. కొనేవాళ్ల చీటీల మీద 325, 300, 275 అని పాతిక చొప్పున తగ్గుతూ 75 దాకా ఉంటాయి. చీటీలో ఉన్నదానికి మించి పెట్టకూడదు. అమ్మేవాళ్లవీ అవే అంకెలు, వాళ్లు అంతకంటే తక్కువకి ఇవ్వకూడదు. ఎవరి చీటీ వాళ్లే చూసుకోవాలి. ఎవరికి తోచిన ధర వాళ్లు అందరికీ వినపడేలా అరవొచ్చు. అవతల ఎవరైనా సరే అంటే బేరం కుదిరినట్టే, ఆ ధర బోర్డు మీదకి ఎక్కుతుంది. కాసేపటికి సంత ముగుస్తుంది. అవే చీటీలతో మళ్లీ మొదలవుతుంది. మిగిలిన పిల్లలకి లెక్క రాసే పని అప్పగించాను.

మొదటి విడత అంతా గోల. ఒకడు 240 పెట్టి కొన్నాడు, ఇంకో అమ్మాయి 150కే ఇచ్చేసింది. రెండో విడతకి కాస్త సర్దుకున్నారు. మూడో విడతలో ధరలన్నీ 200కి అటూ ఇటూ తిరిగాయి. అప్పుడు బోర్డు మీద ఏ ధరకి ఎంతమంది కొంటారో చూపే డిమాండ్ గీత, ఎంతమంది అమ్ముతారో చూపే సప్లై గీత గీశాను. రెండూ సరిగ్గా 200 దగ్గర కలిశాయి. వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి లేచి, "మేడం, రెండొందలని మాలో ఎవరికీ తెలీదు కదా, మరి ఎలా వచ్చింది?" అని అడిగింది.

ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నే స్మిత్‌ని జీవితమంతా పట్టుకుంది. అంతకుముందు హార్వర్డ్‌లో ఆయనకి పాఠం చెప్పిన ఎడ్వర్డ్ చాంబర్లిన్ కూడా క్లాసులో ఇలాంటి సంత పెట్టేవాడు. పుస్తకంలో చెప్పిన పోటీ మార్కెట్ నిజంలో అలా నడవదని చూపించడం ఆయన ఉద్దేశం. పిల్లలు గదిలో తిరుగుతూ జంటలుగా బేరమాడుకునేవాళ్లు, అదీ ఒక్క విడతే. ధరలు నిజంగానే చెదిరిపోయేవి. స్మిత్ రెండు మార్పులు చేశాడు. ప్రతి ధరా అందరికీ వినపడాలి, అదే సంత మళ్లీ మళ్లీ జరగాలి. అంతే, ధరలు సమతౌల్యానికి, అంటే రెండు గీతలూ కలిసే చోటికి, వచ్చి కూర్చున్నాయి. ఆయన వెంటనే నమ్మలేదు కూడా. రెండు గీతలూ ఒకదానికొకటి అద్దంలో బొమ్మలా ఉండటం వల్ల కాకతాళీయంగా కలిసిందేమోనని, గీతల వాలు మార్చి మళ్లీ చేశాడు. అప్పుడూ అదే ఫలితం.

ఇది ఎంత పెద్ద సంగతో పిల్లలకి అర్థమయ్యేలా చెప్పాలని చాలాసేపు తాపత్రయపడ్డాను. పోటీ ధర రావాలంటే లెక్కలేనంతమంది కొనేవాళ్లు, అమ్మేవాళ్లు ఉండాలని, అందరికీ అన్నీ తెలిసి ఉండాలని మన పుస్తకాల్లో ఉంటుంది. ఇక్కడ ఉన్నది ఇరవైరెండు మంది. ఎవరికీ తన చీటీ తప్ప ఇంకేమీ తెలీదు. అయినా ధర దారికొచ్చింది.

స్మిత్ పుట్టింది 1927లో, కాన్సస్‌లోని విచిటాలో. ఆర్థిక మాంద్యం రోజుల్లో వాళ్ల కుటుంబం పొలం చేసి, అప్పు తీర్చలేక ఆ పొలాన్ని పోగొట్టుకుంది. కాల్‌టెక్‌లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివి ఆ తర్వాత అర్థశాస్త్రంలోకి వచ్చాడు. ఊహలో ఉన్న యంత్రాన్ని బల్ల మీద పెట్టి నడిపి చూడాలనే పట్టుదల అక్కడే వచ్చిందని నాకనిపిస్తుంది. అర్థశాస్త్రంలో ప్రయోగాలు కుదరవని పెద్దవాళ్లంతా అనుకునే కాలంలో ఆయన ఇరవై ఏళ్లకి పైగా ఇదే పని చేశాడు. స్టాన్‌ఫర్డ్‌లో ఉన్న ఏడాది సిడ్నీ సీగెల్ అనే మనస్తత్వవేత్తని కలిశాడు. ప్రయోగంలో పాల్గొన్నవాళ్లకి నిజమైన డబ్బు చెల్లించాలనే విషయంలో సీగెల్ చాలా గట్టిగా ఉండేవాడు. స్మిత్ దాన్ని ఒక సిద్ధాంతంగా మలిచి 1976లో రాశాడు. పిల్లాడి మనసులో ఏముందో మనకి తెలియనక్కర్లేదు, చీటీలో ఉన్న అంకెకీ కుదిరిన ధరకీ ఉన్న తేడా వాడి జేబులోకి వెళ్తుందంటే చాలు. అందుకే నేనూ పది రూపాయల లాభానికి రూపాయి చొప్పున ఇచ్చాను. చిల్లరే అయినా గొంతులు మారిపోయాయి.

క్లాసు అయ్యాక ఒక కుర్రాడు స్టాఫ్‌రూమ్ దాకా వచ్చాడు. వాళ్ల నాన్నది పొగాకు పంట. "వేలంలో కొనేవాళ్లే ధర పాడతారు మేడం. మా నాన్న నచ్చకపోతే బేలు (పొగాకు మూట) వెనక్కి తెచ్చుకోవాలి గానీ ధర చెప్పలేడు. అంటే మేం నష్టపోతున్నట్టేనా?" అన్నాడు. మా ప్రకాశం జిల్లా పిల్లాడు అడగాల్సిన ప్రశ్నే అది. నాకు ప్రాణం లేచొచ్చింది.

సరిగ్గా ఈ సంగతి మీదే స్మిత్ 1964లో ఒక వ్యాసం రాశాడు. అమ్మేవాళ్లు మాత్రమే ధర అరిచే సంత ఒకటి, కొనేవాళ్లు మాత్రమే అరిచేది ఒకటి, ఇద్దరూ అరిచేది ఒకటి పెట్టి చూశాడు. నోరు విప్పేవాళ్లు తమలో తాము పోటీపడి తమకే చేటు తెచ్చుకుంటారని తేలింది. కొనేవాళ్లే పాడుతుంటే ధర పైకి వెళ్లింది, అంటే మౌనంగా నిలబడ్డ రైతుకే మేలు. కుర్రాడి మొహం వెలిగింది. కానీ కథ అక్కడ అయిపోలేదు. 1978లో చార్లెస్ ప్లాట్ అనే ఇంకో ఆర్థికవేత్తతో కలిసి స్మిత్ ఇంకో రకం పెట్టి చూశాడు. కొనేవాళ్లు ఒక ధర రాసి పెట్టేస్తారు, ఆ విడతలో ఇక దాన్ని మార్చరు. అప్పుడు ధర కిందికి దిగి కొనేవాళ్ల వైపు మొగ్గింది. రెండుచోట్లా ధర చెప్పేది కొనేవాళ్లే. ఒకచోట పక్కవాడి పాట విని పెంచొచ్చు, రెండోచోట పెంచడానికి లేదు. ఆ ఒక్క నియమం డబ్బుని ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మార్చేసింది.

"మరి మీ వేలంలో పోటీకి ఎంతమంది వస్తారు?" అని అడిగాను. కొన్ని రోజులు ఇద్దరు ముగ్గురే గట్టిగా పాడతారని నాన్న చెబుతుంటాడన్నాడు. స్మిత్ ఫలితం నిలబడాలంటే కొనేవాళ్లు నిజంగా ఒకరి మీద ఒకరు పోటీపడాలి. అంచేత ముందు పాటకి వచ్చేవాళ్ల సంఖ్యనీ, ప్రతి బేలుకీ పాట ఎంతదాకా పెరిగిందో కూడా రోజూ రాసుకురమ్మన్నాను. ప్రాజెక్టు వర్క్ కింద చేయిస్తాను.

స్మిత్ గురించి మాట్లాడేటప్పుడు అందరూ 2002 నోబెల్ సంగతే ఎత్తుతారు. మనస్తత్వవేత్త డేనియల్ కానమన్‌తో పాటు ఆయనకి అర్థశాస్త్రంలో అది వచ్చింది, రావాల్సిందే. విమానాశ్రయాల్లో విమానాలు దిగే వేళల్ని వేలంలో పంచడానికి సహచరులతో కలిసి 1982లో ఆయన ఒక పద్ధతి రూపొందించాడు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కరెంటు మార్కెట్ల రూపకల్పనలోనూ సలహాలిచ్చాడు. నా మనసుకి దగ్గరైనది మాత్రం ఇంకొకటి. ధనంజయ్ గోడే, శ్యామ్ సుందర్ అనే ఇద్దరు భారత మూలాలున్న పరిశోధకులు 1993లో స్మిత్ సంతలోకి మనుషుల బదులు కంప్యూటర్ ప్రోగ్రాములని దించారు. వాటికి తెలివి లేదు, నష్టానికి బేరం చేయకూడదన్న ఒక్క హద్దులో నోటికొచ్చిన ధర చెప్తాయి. అయినా అందాల్సిన లాభం దాదాపు మొత్తం అందింది. మార్కెట్ బాగా నడిస్తే తెలివైన వ్యాపారులని పొగుడుతాం, చెడితే మనుషుల అత్యాశని తిడతాం. ముందు చూడాల్సింది ఎవరు ఎప్పుడు మాట్లాడొచ్చో చెప్పే నియమాలని అని నేను గట్టిగా నమ్ముతాను. పొగాకుకైనా మిర్చికైనా అంతే.

సాయంత్రం ఇంటికొచ్చాక స్మిత్ సహచరులతో కలిసి రాసిన 1988 నాటి బుడగ వ్యాసం తీశాను. బుడగ అంటే ధర అసలు విలువని మించి ఉబ్బిపోవడం. ఈ ప్రయోగంలో బేరమాడేది ఒక ఉత్తుత్తి షేరు మీద. షేరు పదిహేను విడతలు బతుకుతుంది. ప్రతి విడతకీ సగటున 24 సెంట్ల డివిడెండ్, అంటే షేరు చేతిలో ఉన్నవాళ్లకి వచ్చే సొమ్ము, కాబట్టి మొదట్లో దాని విలువ 3 డాలర్ల 60 సెంట్లు, విడతకి 24 చొప్పున తగ్గిపోతుంది. ఈ లెక్క అందరికీ ముందే చెప్పేశారు. అయినా ధర విలువని దాటి ఎగబాకి, చివర్లో కూలింది. అదే జట్టు మూడోసారి ఆడేసరికి బుడగ దాదాపు లేకుండా పోయింది. సంతలో ధరని అంత చక్కగా దారికి తెచ్చిన పద్ధతే షేరు దగ్గర తప్పింది. మార్కెట్లని అంతగా ప్రేమించిన మనిషి దీన్ని దాచకుండా అచ్చు వేయించాడు. ఆయన మీద నాకున్న గౌరవంలో సగం ఈ వ్యాసం వల్లే.

మావాళ్ల చేత దీన్నీ ఆడించాలి. పదిహేను విడతలంటే ఒక పీరియడ్ చాలదు, శనివారం మధ్యాహ్నం రెండు పీరియడ్లు కలిపి ఇమ్మని ప్రిన్సిపల్ గారిని అడగాలి. డివిడెండ్ తేల్చడానికి 0, 8, 28, 60 అని రాసిన నాలుగు చీటీలు, ఒక డబ్బా, పిల్లలకి ఇవ్వడానికి చిల్లర కావాలి. అదే పిల్లలతో మూడుసార్లు ఆడించాలి కాబట్టి మూడు శనివారాలు అడుగుతాను.