కండక్టర్ లేని పన్నెండుగురు

రోమ్ నగరంలోని సాంటా సిసీలియా సంగీత విద్యాలయంలో చదువుకున్న యువ వాద్యకారులు కొందరు 1951లో ‘ఇ మ్యూజిచి’ అనే బృందాన్ని ఏర్పరచుకున్నారు. ఆ పేరుకు ‘సంగీతకారులు’ అనే తప్ప వేరే అర్థం లేదు. ఆ నిరాడంబరత నాకు ఇష్టం. పదకొండు తీగ వాద్యాలు, ఒక హార్ప్సికార్డ్ (పియానో వంటి పాత మెట్ల వాద్యం) మాత్రమే ఉండే ఈ బృందానికి ఎదుట నిలబడి కర్ర ఊపే కండక్టర్ లేడు కనుక, ప్రధాన వయొలిన్ విద్వాంసుని కమాను కదలికను, ఊపిరిని గమనిస్తూ తక్కినవారు ఎత్తుగడ అందుకుంటారు.

వీరు దేశదేశాలు తిరిగి వినిపించిన, ఇటలీ స్వరకర్త వివాల్డి రచన ‘నాలుగు ఋతువులు’ 1725లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయింది. అందులోని ‘వసంతం’ రెండవ భాగంలో ప్రధాన వయొలిన్ నిద్రిస్తున్న మేకల కాపరిని, తక్కిన వయొలిన్లు ఆకుల గలగలను, వయొలిన్ కన్నా కాస్త పెద్దదైన వయోలా కుక్క మొరుగును పలికిస్తాయి. ఆ కుక్కను నేను ఎన్నోసార్లు విన్న తరువాతగాని గుర్తించలేదు; ఇప్పుడు అదే ముందు వినిపిస్తుంది.

ఇటువంటి బృందాల ప్రయాణం తేలిక కాదు. పెద్ద వయొలిన్ వంటి చెల్లోకు విమానంలో తరచు విడిగా టికెట్టు కొనవలసి ఉంటుంది. గాలిలోని తేమ మారితే శ్రుతి జారుతుంది. మన విద్వాంసులు వయొలిన్‌ను స-ప-స-పలకు శ్రుతి చేసి, నేల మీద కూర్చుని, దాని కొనను పాదానికి ఆనించి వాయిస్తారు. ఇ మ్యూజిచి వంటి పాశ్చాత్య వాద్యకారులు నాలుగు తీగలనూ వరుస పంచమాలకు బిగించి, గడ్డం కింద పట్టుకుంటారు. హార్ప్సికార్డ్‌కైతే ప్రతి కచేరీకి ముందూ శ్రుతి సరిచూడక తప్పదు.