సీ ల్యాబ్‌లో ముందు కాగితం, తర్వాతే కంప్యూటర్

మొదటి సంవత్సరం ఇంజనీరింగ్ పిల్లలకు నేను సీ అనే ప్రోగ్రామింగ్ భాష చెబుతాను. ల్యాబ్ మూడు గంటలు ఉంటుంది. అందులో మొదటి అరగంట కంప్యూటర్లు ఆన్ చేయనివ్వను. తెల్ల కాగితం, పెన్సిలు, బోర్డు మీద ఒక చిన్న ప్రోగ్రాము, అంతే. పక్క సెక్షన్ వాళ్లు ఆపాటికే రెండు ప్రోగ్రాములు రన్ చేసి అవుట్‌పుట్ రికార్డులో ఎక్కించుకుంటూ ఉంటారు. మా పిల్లల చూపులు అటే పోతుంటాయి. అయినా ఈ పద్ధతి మానే ఉద్దేశం నాకు లేదు.

ఒక సంఖ్యలోని అంకెలన్నీ కూడే ప్రోగ్రామునే తీసుకుందాం. ఇది లేని సీ రికార్డు ఉండదు. సీలో రాయడానికి ముందు బోర్డు మీద తెలుగులో ఇలా రాస్తాను:

మొత్తం = 0
సంఖ్య > 0 అయినంతసేపు:
    మొత్తం = మొత్తం + సంఖ్య % 10
    సంఖ్య = సంఖ్య / 10

ఇక్కడ % అంటే భాగించగా మిగిలే శేషం, / అంటే శేషం వదిలేసి వచ్చే భాగఫలం. మళ్లీ మళ్లీ తిరిగే ఇలాంటి భాగాన్నే లూపు అంటారు. 472 ఇచ్చి, ఒక్కొక్క చుట్టు తర్వాత సంఖ్య, మొత్తం అనే రెండు పెట్టెల్లో ఏముందో రాయమంటాను. పట్టిక ఇలా వస్తుంది:

మొదట: సంఖ్య 472, మొత్తం 0
ఒకటో చుట్టు: సంఖ్య 47, మొత్తం 2
రెండో చుట్టు: సంఖ్య 4, మొత్తం 9
మూడో చుట్టు: సంఖ్య 0, మొత్తం 13

ఇంతవరకు ఎవరికీ ఇబ్బంది ఉండదు. అప్పుడు లోపలి రెండు వరుసలను తారుమారు చేస్తాను. ముందు పదితో భాగించి, తర్వాత కూడమంటాను. "ఏ వరుస ముందుంటే ఏమిటి మేడమ్, రెండూ ఉన్నాయి కదా" అనే గొంతు ప్రతి బ్యాచ్‌లోనూ వినిపిస్తుంది. ప్రోగ్రాము అంటే నియమాల జాబితా అని, అన్నీ రాసి ఉంటే కంప్యూటర్ మన ఉద్దేశం గ్రహించి సర్దుకుంటుందని వాళ్ల నమ్మకం. ఇంటర్‌లో లెక్కలు బాగా చేసిన పిల్లల్లోనూ ఈ నమ్మకం గట్టిగానే ఉంటుంది. సమీకరణాలను ఏ వరుసలో రాసినా జవాబు మారదు కాబట్టి వాళ్లను తప్పుపట్టలేం. ఇదే నమ్మకంతో కొందరు మొత్తం = అ + ఆ అని ముందే రాసి, అ, ఆ విలువలను ఆ తర్వాత చదువుతారు. తెరమీద ఏదో చెత్త సంఖ్య వస్తే కంప్యూటర్ పాడైందంటారు.

తారుమారు చేసిన ప్రోగ్రాముకు పట్టిక వేస్తే 11 వస్తుంది. చివరి అంకె 2 ఎవరి లెక్కలోకీ రాకుండా పోయింది. కిందటేడు వెనక బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి, పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్ల, చెయ్యెత్తి "మేడమ్, 5 ఇస్తే సున్నా వస్తుంది కదండీ?" అంది. నేను అడగలేదు. 472తో ఆగిపోకుండా ఆ ప్రోగ్రాము అసలు దోషాన్ని బయటపెట్టే ఒంటి అంకె సంఖ్యను తనే వెతుక్కుంది. అంతకు ముందు వారం వరకు క్లాసులో ఒక్క మాట మాట్లాడని పిల్ల! బోర్డు మీద తెలుగు ఉండడం వల్లే ఆ ప్రశ్న వచ్చిందని నా గట్టి అభిప్రాయం.

ఆ తర్వాత నేను అడిగే ప్రశ్న ఇది: మొదటి పట్టికలో ప్రతి వరుసలోనూ మారకుండా ఉన్నది ఏమిటి? దీనికి కాస్త సమయం పడుతుంది, పట్టనిస్తాను. మొదట మొత్తం 0, సంఖ్యలో మిగిలిన అంకెల కూడిక 13. తర్వాత 2, 11. తర్వాత 9, 4. చివరికి 13, 0. ఏ వరుసలో చూసినా రెండూ కలిపితే 13. తారుమారు చేసిన దాంట్లో మొదటి చుట్టు ముగిసేసరికే ఇది 18 అయిపోతుంది. అంటే తప్పు ఎక్కడ జరిగిందో చివరి జవాబు దాకా ఆగకుండానే వేలు పెట్టి చూపించవచ్చు. దీన్ని లూప్ ఇన్‌వేరియంట్ అంటారు. ఆ పేరు మొదటి సెమిస్టర్‌లో చెప్పను, పేరు చెబితే నిర్వచనం బట్టీ పడతారు.

స్ట్రక్చర్డ్ ప్రోగ్రామింగ్ అంటే పిల్లలు రాసే జవాబు "గోటూ వాడకూడదు". గోటూ అంటే ప్రోగ్రామును ఉన్నచోటి నుంచి మరో చోటికి దూకించే ఆజ్ఞ. ఆ జవాబు సగం మాట కూడా కాదు. వరుసగా చేయడం, షరతును బట్టి ఎంచుకోవడం, మళ్లీ మళ్లీ చేయడం, ఈ మూడింటితో ఏ ఫ్లోచార్టునైనా రాయవచ్చని బోమ్, యాకోపిని 1966లో చూపించారు. 1968లో కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా గోటూ మీద రాసిన ప్రసిద్ధమైన ఉత్తరంలోని అసలు వాదన వేరు. కాగితం మీద నిలిచి ఉన్నదాన్ని మన బుద్ధి బాగా పట్టుకుంటుంది, కాలంలో కదిలేదాన్ని అంత బాగా పట్టుకోలేదు, అందుకే రెంటి మధ్య దూరాన్ని వీలైనంత తగ్గించాలి అంటాడాయన. మా పిల్లల పట్టిక చేసే పని అదే. ఫలానా వరుస, ఫలానా చుట్టు అంటే చాలు, ప్రోగ్రాము ఎక్కడుందో తెలిసిపోతుంది. ఎక్కడి నుంచి ఎక్కడికైనా దూకగలిగిన ప్రోగ్రాములో అలా చెప్పడం సాధ్యం కాదు. "మరి సీలో గోటూ ఎందుకుంచారు?" అని అడిగేవాళ్లు ఉంటారు, మంచి ప్రశ్నే. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నల్‌లో లోపం తలెత్తినప్పుడు తీసుకున్న వనరులను వెనక్కి ఇచ్చేయడానికి ఈ రోజుకీ దాన్ని వాడతారని చెబుతాను. పట్టిక వేయడం వచ్చినవాళ్లకు గోటూ వల్ల పెద్దగా ప్రమాదం లేదు.

లూపు ఎప్పుడు ఆగుతుందన్నది ఇంకో చిక్కు. లెక్క = 1 అని మొదలుపెట్టి, లెక్క 3 దాటనంతసేపు ఒకటి కలిపి ముద్రించమంటే ఏం వస్తుంది? చాలామంది 2, 3 అంటారు. 4 కాగానే లూపు అక్కడికక్కడే తెగిపోతుందని అనుకుంటారు. షరతును మళ్లీ పైకి వెళ్లినప్పుడే చూస్తుందని వివరించి లాభం లేదు. చేత్తో పట్టిక వేసుకుంటేనే 2, 3, 4 వాళ్లదవుతుంది.

మా ల్యాబ్‌లో కొన్ని కంప్యూటర్లలో ఇంకా టర్బో సీ అనే పాత కంపైలర్ (మనం రాసిన సీని కంప్యూటర్ నడిపేలా మార్చే సాఫ్ట్‌వేర్) ఉంది. దాని నీలం తెర ముందు నేను ఇష్టంగా చేయించేది ఒక్కటే, 8 ఫ్యాక్టోరియల్, అంటే 1 నుంచి 8 దాకా సంఖ్యల గుణింపు. కాగితం మీద 40320 వస్తుంది. తెరమీద మైనస్ 25216. నూటికి తొంభై మంది మొదట చేసే పని కాగితం మీది జవాబును చెరిపేయడం. నాకు బాధ కలిగించేది అదే. ఎనిమిది ధనసంఖ్యలను గుణిస్తే మైనస్ ఎలా వస్తుందని ఏడో తరగతిలో అడిగి ఉండేవాళ్లు, తెర ముందు కూర్చోగానే అడగడం మానేశారు. టర్బో సీలో పూర్ణాంకానికి 16 బిట్లే, 32767 దాటితే పట్టదు. 16 బిట్లతో రాయగల విలువలు మొత్తం 65536, దాటినది చుట్టు తిరిగి మైనస్‌లోకి వస్తుంది: 40320లోంచి 65536 తీసేస్తే మైనస్ 25216. ఫోనులోని కంపైలర్‌లో అదే ప్రోగ్రాము సరైన జవాబే ఇస్తుంది, అక్కడ 13 ఫ్యాక్టోరియల్ దగ్గర ఇదే కథ మళ్లీ మొదలవుతుంది. కాగితాన్ని నమ్మినవాళ్లు మాత్రమే దీన్ని పట్టుకోగలరు. ఇప్పుడు ప్రోగ్రాము కావాలంటే చాట్‌జీపీటీ క్షణంలో రాసిస్తుంది. అది సరైనదో కాదో చూడగలిగిన చెయ్యి నా పిల్లలకు ఉండాలి.

మన ల్యాబ్ పరీక్షలతోనే నాకు పేచీ. చీటీ తీయడం, ఆర్మ్‌స్ట్రాంగ్ నంబరో, ప్యాలిండ్రోమో లాంటి అలవాటైన ప్రోగ్రాము వస్తే బట్టీ పట్టింది దించడం, వైవాలో "సీ కనిపెట్టింది ఎవరు?" అంటే డెన్నిస్ రిచీ అని చెప్పి బయటపడడం. నా చేతిలో ఉన్న ఇంటర్నల్ మార్కుల్లో సగం పట్టికకే ఇస్తున్నాను. ప్రోగ్రాము నేనే రాసిస్తాను, రెండు వరుసలు తారుమారు చేసి. ఏ చుట్టులో తప్పిందో, దాన్ని బయటపెట్టే అతి చిన్న సంఖ్య ఏదో వాళ్లు రాయాలి. ఇది చదివే సాటి లెక్చరర్లు ఒక్క ఇంటర్నల్‌లోనైనా ఇలాంటి ప్రశ్న ఇచ్చి చూడండి. పేపర్లు దిద్దడానికి ఎక్కువ సేపు పడుతుంది. పిల్లలు ఎక్కడ తడబడుతున్నారో మాత్రం ఒక్కో పేపరులో స్పష్టంగా కనిపిస్తుంది.