కొలిమి మూత దగ్గర దొరికిన రెండు మార్కులు

మిత్రులారా, ఎంటెక్ సీటు కోసం రాసే గేట్ పరీక్షలో మెటలర్జీ, అంటే లోహశాస్త్రం, ఫలితం వచ్చి మూడు రోజులైంది. ర్యాంకు 214. ఇంటికి ఎవరు వచ్చినా అమ్మ స్కోరుకార్డు తెచ్చి చూపిస్తోంది, నేనూ వద్దనడం లేదు. సిలబస్, మార్కుల లెక్క మీకు తెలిసినవే. పోయిన ఏడాది ఎలా బోల్తాపడ్డానో అది చెబుతాను.

అప్పుడు అర్హత మార్కు కూడా దాటలేదు. విజయనగరం జిల్లా గ్రంథాలయంలో కిటికీ పక్క బల్ల నా సొంతమన్నట్టు ఎనిమిది నెలలు కూర్చున్నాను. సూత్రాలన్నీ కంఠతా వచ్చు. పరీక్షలో డీకార్బరైజేషన్, అంటే ఉక్కు పైపొరలోంచి కార్బన్ పోవడం, దాని మీద రెండు మార్కుల లెక్క కనబడగానే చేతికి అలవాటైన కార్బరైజింగ్ (కార్బన్ ఎక్కించే) సూత్రం వేసేశాను, ఒకటిలోంచి ఎర్రర్ ఫంక్షన్ (లోతును బట్టి సున్నా నుంచి ఒకటి దాకా పెరిగే గణిత ప్రమేయం) తీసివేసి. ఇంటికొచ్చి చూసుకుంటే, నేను నొక్కిన సంఖ్య ప్రకారం కార్బన్ పైపొరలో నిండుగా ఉండి, లోపలికి పోయేకొద్దీ అడుగంటుతోంది! ఆ ప్రశ్నకు నెగెటివ్ మార్కులు లేవు కనుక సరిపోయింది గానీ, సిగ్గుకు మినహాయింపు లేదు.

ఆ వేసవిలో బొబ్బిలి పారిశ్రామికవాడలో ఉక్కును కొలిమిలో కాల్చి, చల్లార్చి గట్టిపరిచే ఒక చిన్న హీట్ ట్రీట్‌మెంట్ షాపులో చేరాను. కోచింగ్ మానేసి కొలిమి దగ్గర కూలికి పోతున్నాడని మా వీధిలో అన్నారు. అననివ్వండి.

ఒకరోజు ఈఎన్ 31 అనే రకం ఉక్కు పిన్నుల బ్యాచ్‌ను కొలిమిలో కాల్చి, నూనెలో చల్లార్చి తీశాం. ఒక శాతం కార్బన్ ఉన్న ఉక్కు, గట్టిపడితే ఆకురాయి దాని మీద జారిపోవాలి. జారలేదు, పట్టి గీసింది. నేను కొలిమి వేడిని కొలిచే థర్మోకపుల్ తప్పేమోనని పుస్తకం తిరగేస్తున్నాను. మేస్త్రిగారు పిన్నును గ్రైండర్ మీద పెట్టి మిల్లీమీటరులో మూడో వంతు తీసి, మళ్లీ ఆకురాయి ఆనించారు. ఈసారి గాజు మీద జారినట్టు జారింది. "లోపల బాగానే ఉంది బాబూ, తోలే పోయింది. గాలి పడుతోంది" అని మూత వైపు చూపించారు. సీలు తాడు ఒకచోట గట్టిపడి నలిగిపోయింది. పొగగొట్టం కొసన నిటారుగా ఉండాల్సిన మంట కుంగిపోయి ఉంది. నాలుగు రోజులుగా దాని పక్కనుంచే నడుస్తున్నాను.

నత్రజనితో పాటు మిథనాల్ బొట్లు వేసే కొలిమి అది. గాలి చొరబడితే కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి పెరుగుతాయి, అవి ఉక్కులోని కార్బన్‌ను కార్బన్ మోనాక్సైడ్‌గా లాగేస్తాయి. ఆ రాత్రి లెక్క వేశాను. 850 డిగ్రీల సెల్సియస్, గంట సమయం, పైపొరలో కార్బన్ సున్నా అనుకుంటే 0.3 మిల్లీమీటర్ల లోతులో కార్బన్ దాదాపు 0.9 శాతం వచ్చింది, అంటే ఆ లోతు దాటితే ఉక్కు దాదాపు మామూలుగానే ఉంది. ఈసారి ఎర్రర్ ఫంక్షన్ ఒక్కటే, ఒకటిలోంచి తీసివేయలేదు. మేస్త్రిగారు కాగితం లేకుండా గ్రైండర్ మీద చేసింది ఇదే.

అక్కడినుంచి చదువు తీరు మారింది. కార్బన్ చేరే లోతు రెట్టింపు కావాలంటే సమయం నాలుగు రెట్లు పడుతుందన్నది నాకిక సూత్రం కాదు, కరెంటు బిల్లు. 760 డిగ్రీల లోపు మండే వాయువును కొలిమిలోకి వదలకూడదన్నది పేలుడు భయం. థర్మోడైనమిక్స్ రైల్లో పూర్తిచేశాను, మెకానికల్ మెటలర్జీ పాత ప్రశ్నపత్రాలతో సరిపెట్టాను, ఆప్టిట్యూడ్‌కు పదిహేను మార్కులున్నాయని మరిచిపోకండి.

ఇంకొక మాట. పైడితల్లి సిరిమానుకు కూడా వెళ్లకుండా మాక్ పరీక్ష రాశాను. మీరూ మానుకోండని చెప్పబోయి ఆగాను, ఎందుకంటే ఆ రోజు వచ్చిన మార్కులు ఏడాది మొత్తంలో అతి తక్కువ. కానీ ఫోను మాత్రం తీసి పెట్టెలో పెట్టండి. ఆ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినను.

ర్యాంకు చెబితే మేస్త్రిగారు కాసేపు ఆలోచించి, "అయితే మానేస్తావన్నమాట. సోమవారం థర్మోకపుల్ పోల్చిచూసే పని ఉంది కదా, అది పూర్తిచేసి వెళ్లు బాబూ" అన్నారు.