ఫ్రాంచైజీ గడువు ముగిశాక రెస్టారెంట్ నడిపినవారి మీద ఉండే బాధ్యతలు

ఒక కంపెనీ పేరుతో రెస్టారెంట్ నడిపేందుకు చేసుకున్న ఫ్రాంచైజీ అగ్రిమెంట్ గడువు తీరితే కంపెనీకీ మనకూ సంబంధం తెగినట్టే అనుకుంటారు చాలామంది. కానీ గడువు తీరినా, మధ్యలో రద్దయినా, సరిగ్గా ఆ రోజు నుంచే అమల్లోకి వచ్చే షరతులు కొన్ని ఉంటాయి. అగ్రిమెంట్‌లో అవి ఉన్న పేజీలు కనీసం ఆరు నెలల ముందే చదవాలి.

మొదటిది పేరు. బోర్డు, మెనూ, యూనిఫాం, పార్శిల్ కవర్లు, బిల్లు మీద లోగో, అన్నీ పోవాలి. అక్కడితో ఆగకూడదు. గోడల రంగులు, కౌంటర్ తీరు చూసి ఇది పాత రెస్టారెంటేనని జనం పొరబడేలా ఉంటే, పేరు మార్చినా ట్రేడ్‌మార్క్ కేసు రావచ్చు. కొన్ని అగ్రిమెంట్లు దీనికి కొద్ది రోజులు గడువిస్తాయి, కొన్ని ఒక్క రోజు కూడా ఇవ్వవు. పని పూర్తయ్యాక లోపలా బయటా ఫొటోలు తీసి, తేదీతో కంపెనీకి పంపండి. మనం తీయకపోతే వాళ్లే వచ్చి తీసేసి, ఖర్చు మన ఖాతాలో రాసే హక్కు చాలా అగ్రిమెంట్లలో ఉంటుంది.

ఎక్కువమంది మరిచిపోయేది ఆన్‌లైన్ ఉనికి. మ్యాప్‌లో లిస్టింగ్, డెలివరీ యాప్‌లు, సోషల్ మీడియా పేజీలు, డొమైన్, ఫోన్ నంబరు: వీటిని కంపెనీకి బదిలీ చేయాలని రాసి ఉంటే, తొందరపడి డిలీట్ చేయడం కూడా ఉల్లంఘనే. అందుకే లాగిన్ వివరాలు ఎవరి దగ్గరున్నాయో ముందే చూసుకోవాలి. మానేసిన మేనేజర్ మెయిల్ ఐడీతో తెరిచిన ఖాతా ఉంటే పని వారాల తరబడి సాగుతుంది.

ఓవెన్లు, ఫ్రయ్యర్లు వెంటనే అమ్మేయకండి. గడువు ముగిశాక కొన్నాళ్లపాటు వాటిని కొనుక్కునే మొదటి అవకాశం కంపెనీకి ఉండవచ్చు. లీజు కూడా అంతే. అది కంపెనీ పేరు మీదికి మారేలా బిల్డింగ్ ఓనర్‌తో ముందే ఒప్పందం ఉంటే, అదే చోట సొంత పేరుతో తెరుద్దామన్న ఆలోచన అక్కడే ఆగిపోతుంది.

లెక్కల్లో ఒక చిక్కుంది. కంపెనీ ఇచ్చిన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఆఖరి రోజే ఆగిపోవచ్చు, ఆడిట్ చేసే హక్కు మాత్రం ఆ తర్వాతా వాళ్లకు ఉంటుంది. అమ్మకాలు, పన్నులు, జీతాల రిపోర్టులు ముందే దించుకోండి. చివరి రోజు వరకూ రాయల్టీ (కంపెనీ పేరు వాడుకున్నందుకు ఇచ్చే సొమ్ము), ప్రకటనల నిధి వాటా కట్టాలి. వాడకుండా మిగిలిన గిఫ్ట్ కార్డుల బాకీ ఎవరిదో రాతలో తేల్చుకోవాలి.

మాన్యువల్స్, రెసిపీలు తిరిగిచ్చేయాలి. సిబ్బంది ఫోన్లలో ఉన్న ట్రైనింగ్ వీడియోలూ అందులోకే వస్తాయి.

పోటీ వ్యాపారం పెట్టకూడదన్న షరతు సాధారణంగా ఒకటి రెండేళ్లు, ఇన్ని కిలోమీటర్లలోపు అని ఉంటుంది. అది చెల్లుతుందా అన్నది దేశాన్ని బట్టి మారుతుంది. భారత కాంట్రాక్టు చట్టం 1872లోని 27వ సెక్షన్ వ్యాపారం చేసుకోకుండా అడ్డుకునే ఒప్పందాలను, కొద్ది మినహాయింపులతో, చెల్లనివిగా చెబుతుంది. అయితే ఆ షరతు చెల్లకపోయినా రెసిపీల గోప్యత, పేరు మీద హక్కు అలాగే ఉంటాయి.

వ్యాపారం బాకీలకు నేనే బాధ్యుడినంటూ వ్యక్తిగత హామీ మీద సంతకం చేసి ఉంటే అది దానంతట అది రద్దు కాదు. బాకీలన్నీ తీరాక హామీ నుంచి విడుదల చేసినట్టు కంపెనీ సంతకంతో కాగితం తీసుకోండి. అందులో కంపెనీ మీద మీకున్న క్లెయిములను వదులుకుంటున్నట్టు రాశారేమో చూశాకే మీరు సంతకం పెట్టండి.